మద్దిపట్ట, డొక్కనీళ్ళు

పోయిన నెల మా తమ్ముడి కూతురు బుజ్జి కాకినాడ నుంచి వచ్చి, సంచిలోంచి బట్టల కన్నా ముందు ఒక పొట్లం తీసింది. పొట్లం అంటే మనం కాయితంలో కట్టేది కాదు. మెరిసే కవరు, దానిమీద నవ్వుతున్న ఆడపిల్ల బొమ్మ, లోపల ఎర్రమన్ను రంగు పొడి. అర్జున బెరడు పొడి అట, అంటే మా మద్దిపట్టే. పాలల్లో కలిపి పట్టిస్తే మొహం మీద మంగు పోతుందట. ఫోనులో నొక్కితే ఇంటికొచ్చి ఇచ్చి వెళ్ళారట. "ఇది నానమ్మ వైద్యమే కదండీ పెదనాన్నా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్ళి స్టీలు గిన్నెలో కలిపింది. కలిపేసరికి వాసన వచ్చింది. కొత్త కుండలో మొదటిసారి నీళ్ళు పోసినప్పటి వాసన, వానలో తడిసిన ఇనుప గొలుసు వాసన, రెండూ కలిస్తే ఎలా ఉంటుందో తడిసిన మద్దిపట్ట అలా ఉంటుంది. అది మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా లేని వాసన. నేను అరుగు మీంచి లేచి పెరటి దారిన కాలవగట్టు దాకా పోయి నిలబడ్డాను. అక్కడ ఇప్పుడు చెట్టు లేదు. సిమెంటు గోడ ఉంది.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తరవాత చదివిందంతా కొబ్బరి దింపులకి మధ్య, రాజోలు గ్రంథాలయంలో బల్ల మీద చదివిందే. అందుకని నాకు ఒక దురలవాటుంది, అచ్చులో ఉన్నదల్లా అక్షరం వదలకుండా చదువుతాను. ఆ కవరూ చదివాను. ప్రాచీన ఋషుల రహస్యం అని రాశారు. ఏ ఋషి అయ్యా? మా అమ్మ మాణిక్యం సంతకం చేయడం రాని మనిషి, మా ఊళ్ళో సగం మంది చర్మానికి ఆమే ఋషి. మలికిపురానికీ రాజోలుకీ మధ్యన ఉన్న ఆ ఊళ్ళో అదే పట్టని మొరటు వైద్యమన్నవాళ్ళున్నారు. గల్ఫు నుంచి వచ్చిన ట్యూబులూ, ఫ్యాన్సీ షాపు క్రీములూ తెచ్చుకుని, మొహాలు ఉడికిన రొయ్యల్లా ఎర్రబడ్డాక సాయంత్రం చీకటిమాటున పెరటి గుమ్మంలోంచి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలే ఇప్పుడు కవరు తెప్పించుకుంటున్నారు. నాకు కోపం రాదా? కానీ నన్ను గట్టు దాకా లేపి తీసుకుపోయింది కోపం కాదు.

ఆ చెట్టు తెల్లమద్ది. దాని మొదలు మిగతా చెట్లలా గరుకుగా ఉండదు. బూడిద పూసుకున్న మనిషి ఒళ్ళులా నున్నగా, తెల్లగా ఉంటుంది. ఏటేటా పైపొర పెచ్చులుగా రాలి, లోపలి పొర లేత గులాబి రంగులో బయటపడుతుంది. కాలవలో నీళ్ళు వదిలిన రోజుల్లో వేళ్ళు సగం నీళ్ళలోనే ఉండేవి. అమ్మ దానిమీద చెయ్యి వేసే పద్ధతి నా చిన్నప్పటి నుంచీ ఒకటే. ముందురోజు సాయంత్రం వెళ్ళి మొదట్లో నాలుగు గింజలు చల్లి, "రేపొత్తాను, ఫలానా వాళ్ళ కోసం" అని చెట్టుకి చెప్పేది. మర్నాడు పొద్దెక్కకముందే తూర్పు వైపున అరచేయంత ముక్క, అంతకు మించి కాదు, కత్తిమొనతో గీసి ఒలిచేది. ఒలిచినచోట పేడా ఎర్రమన్నూ కలిపి మెత్తేది. మనిషికొక ముక్క. ఒకరి కోసం తీసిన గాయం పూడితే గాని ఆ పక్కన ఇంకో గాటు పెట్టేది కాదు. వైద్యం అయిపోయిన మనిషి వచ్చి, తన కోసం తీసిన చోటు చూసి వెళ్ళాలి. "చెట్టూ మానాలి, మనిషీ మానాలి. ఒకటే మానితే మాననట్టే" అనేది. అందుకని ఆ మొదలు నిండా మచ్చలే. ప్రతి మచ్చకీ ఒక పేరు. ఇదిగో ఇది మునసబు గారి కోడలి మంగు. ఇది పోస్టుమేను గారబ్బాయి తలలో పుళ్ళు. ఇది నాట్లలో నీళ్ళకి కాలివేళ్ళ సందులు ఒరిసిపోయిన సూరమ్మది. చెట్టుని తడుముతూ అమ్మ ఊరంతా చదివేసేది.

పట్ట వాడటంలోనూ రకాలుండేవి. మంగుకైతే సానరాయి మీద పాలతో అరగదీసి, ఆ గంధం రాయాలి. పుళ్ళకీ ఒరుపులకీ పట్టని నల్లకుండలో నీళ్ళు సగమయ్యేదాకా మరగనిచ్చి, ఆ కషాయంతో కడగాలి. కాలినచోట పట్టని కాల్చి, ఆ మసి కొబ్బరినూనెలో రంగరించి పూయాలి. చిడుముకి ఇది కాదు, వేపపట్ట. నోటిపూతకి ఇదే కషాయం పుక్కిలించాలి. మా పెరట్లో పొయ్యి మీద ఆ నల్లకుండ ఎప్పుడూ ఉండేది, ఎప్పుడూ ఆ వాసన వచ్చేది. పెళ్ళయి మా ఇంటికొచ్చిన కొత్తలో మా ఆవిడ ఆ వాసనకి అన్నం తినలేకపోయేది. తరవాత పుట్టింటికి వెళితే ఆ వాసన లేక నిద్రపట్టడం లేదని చెప్పింది.

మా తమ్ముడు సత్తిబాబు భార్య మంగతాయారు. కాట్రేనికోన పిల్ల. బుజ్జికి మూడో ఏడు నిండకుండానే గల్ఫుకి వెళ్ళింది, ఇంటిపనికి. ఆ రోజుల్లో మా వైపు అది వింత కాదు. మగాడికి వీసా దొరక్కపోతే ఆడమనిషికి దొరికేది. సత్తిబాబు చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాడు చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. పెంకుటింటి పక్కన డాబా మొదలెట్టాడు. గోడలు లేచాయి, పైన ఇనప చువ్వలు ఆకాశంలోకి నిలబడ్డాయి, స్లాబు పడలేదు. ఆ చువ్వల వంక చూస్తూ బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. తాయారు సెలవు మీద వచ్చిన రోజున వీధి చివరి దాకా ఎదురెళ్ళి పెట్టె నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. అందరికీ సెంటు సీసాలు వచ్చాయి. ఆమె మాత్రం చేతులు కొంగులో చుట్టుకుని ఉంది.

భోజనాల దగ్గర ఆమె స్పూను అడిగినప్పుడు మా ఆవిడ నవ్వింది, దేశం వెళ్ళొచ్చిన దొరసాని అని. తాయారు కూడా నవ్వి, చేతులు బయటపెట్టింది. తరవాత ఎవరం నవ్వలేదు. అరచేతులు పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. వేళ్ళ సందులు చీలి ఎర్రగా తడిగా ఉన్నాయి. పెళ్ళి ఉంగరం చుట్టూ వేలు వాచిపోయింది. బాత్రూములూ అద్దాలూ తోమే మందునీళ్ళట, ఒట్టి చేతులతో, పొద్దున్నుంచి రాత్రి దాకా. కూర కలిపితే మంట. కూతురికి జడ వేద్దామంటే వెంట్రుక కోసుకుపోతుంది. బుజ్జి తల్లి దగ్గరికి దువ్వెన పట్టుకుని వెళ్ళి నిలబడితే, తాయారు రెండు మోచేతులతో దాన్ని దగ్గరికి తీసుకునేది. రాజోలులో డాక్టరుకి చూపించాం. ఆయన మంచివాడే, మందు రాసిచ్చి, సబ్బునీళ్ళలో చెయ్యి పెట్టకూడదమ్మా అన్నాడు. ఆమె "ఆయ్" అంది. సబ్బునీళ్ళలో చెయ్యి పెట్టడమే ఆమె ఉద్యోగమని ఆయనకెవరు చెబుతారు? మా వైపు ఆ "ఆయ్" ఒకటుంది. సరేనండీ అనడానికి చాలా మర్యాదైన మాట. దానికింద ఎన్ని మాటలు మునిగిపోయాయో లెక్క లేదు.

అమ్మ ఆ సాయంత్రమే గింజలు చల్లి వచ్చింది. మర్నాడు అరచేయంత పట్ట తీసింది. కషాయం కాచి, గోరువెచ్చగా ఇత్తడి పళ్ళెంలో పోసి, కోడల్ని అరుగు మీద కూర్చోబెట్టి చేతులు అందులో పెట్టించింది. వారం తిరక్కుండా రసి కారడం ఆగింది. తాయారు స్పూను మానేసి వేళ్ళతో తింది. ఆ రోజు అందరం సంబరపడ్డాం. అదే రోజు సాయంత్రం ఏజెంటు మోటారుసైకిలు మీద వచ్చాడు. ఈ చేతులతో వెళితే మెడికల్లో ఆపేస్తారు, పూర్తిగా మానగానే కబురు చెయ్యండి, టిక్కెట్టు నేను చూసుకుంటానన్నాడు. సత్తిబాబు అమ్మ వంక చూసి, "ఇంకెన్నాళ్ళు పడతాదే?" అన్నాడు. అమ్మ పళ్ళెంలో నీళ్ళు పారబోస్తోంది.

ఆ తరవాత చేతులు మానడం ఆగిపోయింది. రోజూ కుండ పొయ్యి మీదే ఉంది, రోజూ ఎర్రటి నీళ్ళు పళ్ళెంలోకి వస్తున్నాయి, రోజూ అత్తాకోడళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుంటున్నారు. సందులు మళ్ళీ చీలాయి. ఊళ్ళోవాళ్ళు, మాణిక్యమ్మ గారి చేతి వాసి తగ్గిందన్నారు. ఆమె మాట పడే మనిషి కాదు, అయినా పడింది. ఒక మధ్యాహ్నం దింపు నుంచి వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే నాకు ఏదో లోపం తోచింది. కుండ ఉడుకుతోంది, వాసన లేదు. మూత తీశాను. లోపల కొబ్బరి డొక్కలు, కాయ ఒలిచిన పీచు. మా దగ్గర డొక్కలకి కరువా? పెరటినిండా గుట్టలే. ఉడకబెడితే నీళ్ళు అచ్చం మద్దిపట్ట కషాయంలా ఎర్రగా దిగుతాయి. వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాను. పట్ట కషాయమైతే నాలిక బిగబట్టేస్తుంది. ఇది చప్పగా, కాస్త ఉప్పగా ఉంది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. దొరికిపోయినట్టు లేదు ఆమె మొహం. "మానితే పంపేత్తాడ్రా పెద్దోడా," అంది. "పుండ్లైతే పుండ్లు. నా కళ్ళెదురుగా ఉంటాది." జీవితమంతా మనుషుల్ని మాన్పిన మనిషి, ఒక మనిషిని మానకుండా కాపాడుకుంటోంది. నేను సత్తిబాబుతో మాట్లాడతానన్నాను. మాట్లాడాను కూడా, గట్టిగానే. డొక్కనీళ్ళ సంగతి చెప్పలేదు, ఆ పిల్లని పంపొద్దని చెప్పాను. వాడు చువ్వల వంక చూస్తూ, "నీ ఇల్లు నీకుంది అన్నయ్యా" అన్నాడు. తాయారుని అడిగావా అన్నాను. "అడిగేను. ఆయ్ అంది" అన్నాడు.

వాడికి అనుమానం రాలేదు. వస్తే బాగుండేది. వాడికి తోచిందల్లా, అమ్మ చాదస్తం వల్ల పట్ట చాలటం లేదని. మనిషికి అరచేయంత ముక్కేంటి, అందుకే మందు పలచబడుతోందని. ఒకరోజు అమ్మా మా ఆవిడా మలికిపురం సంతకెళ్ళినప్పుడు కొడవలి తీసుకుని గట్టు మీదికెళ్ళాడు. చెట్టు చుట్టూ తన నడుమెత్తు నుంచి చేతికందినంత వరకూ ఒలిచేశాడు. మచ్చలన్నీ పోయాయి. మునసబు గారి కోడలూ, పోస్టుమేను గారబ్బాయీ, సూరమ్మా అందరూ గోనెసంచిలోకి వచ్చేశారు. చుట్టూ ఒలిస్తే చెట్టు బతకదని చెట్టెక్కేవాళ్ళ మధ్య పెరిగినవాడికి తెలియదా? కొబ్బరిచెట్టుకి బెరడు ఒలిచే పని లేదు. మా వాళ్ళకి తెలిసిన చెట్టు అదొక్కటే. ఎంత గీసినా బతికే చెట్టుని చూసి పెరిగినవాడు, అన్ని చెట్లూ అంతే అనుకున్నాడు. పెళ్ళాం చేతులు బాగుపడాలన్న తొందర వాడిది, ఆ తొందరలో ప్రేమ కూడా ఉంది. అదే నన్ను ఇవాళ్టికీ తిన్నగా తిట్టనివ్వదు.

అమ్మ సంత నుంచి వచ్చి చూసింది. సంచి నోరు విప్పి ఉంది, సత్తిబాబే నల్లకుండలో పట్ట కుక్కి మరగబెడుతున్నాడు, నీళ్ళు కాటుకలా ఉన్నాయి, వాసన వీధిలోకి వస్తోంది. ఆమె ఏమనగలదు? ఇంత చిక్కగా పెట్టకూడదు, తోలు మూసుకుపోతుంది గాని లోపల మానదు అంది. "నీ పలచటి నీళ్ళు చూసేం కదే" అన్నాడు వాడు. ఆమె అక్కడితో ఆగిపోయింది. నిజం చెప్పి ఆపాలంటే, ఇన్నాళ్ళూ డొక్కనీళ్ళు పోశానని కోడలి ఎదుటే చెప్పాలి. గట్టు మీదికెళ్ళి, ఎర్రగా పచ్చిగా ఉన్న మొదలుకి పేడా మన్నూ మెత్తుతూ చీకటి పడేదాకా కూర్చుంది. పేడ చాలలేదు.

నాలుగు రోజుల్లో తాయారు చేతులు బిగుసుకున్నాయి. చీలికలు మూసుకున్నాయి, రంగు తిరిగింది, ముట్టుకుంటే చెప్పుల దుకాణంలో తోలులా ఉన్నాయి. పిడికిలి పూర్తిగా ముడవలేకపోయేది. అయినా చూసేవాళ్ళకి మానినట్టే. వెళ్ళే రోజు పొద్దున్న బుజ్జికి జడ వేసింది. సగం వేసి వేళ్ళు వంగక ఆపితే, మా ఆవిడ పూర్తి చేసింది.

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డాం. అవతల నరసాపురంలో రైలెక్కాలి. సత్తిబాబు టిక్కెట్ల దగ్గరున్నాడు. తాయారు గోదావరి వంక చూస్తూ, "అత్తయ్య గారికి ఒక మాట చెప్పండి బావగారండీ" అంది. "అయి డొక్కనీళ్ళని నాకు తెలుసండీ. మొదటిరోజే తెలిసిపోయిందండీ. కొబ్బరి దేశంలో పుట్టినదాన్ని కాదాండీ." నేను నోరు తెరిచి, మరి ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. "నన్నుంచుకోటానికి చేత్తన్నారని అర్థమయ్యేక ఎలా చెప్తానండీ? చెప్తే మానేత్తారేమోనని భయమేసిందండీ." పంటు వచ్చింది. ఆమె కొంగు సర్దుకుని ఎక్కింది.

ఇంటికొచ్చి అమ్మకి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. "తెలిసే కూకుందా?" అంది. మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుని, "నేను నోరిప్పుంటే అదీ ఇప్పేది కదరా. ఇద్దరం కలిసి వద్దంటే ఆడేం చేసుండేవోడు?" అంది. నన్ను కాదు అడిగింది. ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఆ ప్రశ్న అడుగుతూనే ఉంది, ఒకసారి పొయ్యిని, ఒకసారి ఆవుని. ఎక్కువసార్లు చెట్టుని అడిగేది.

తాయారు దగ్గర్నుంచి ఒక క్యాసెట్టు వచ్చింది. ఆ రోజుల్లో ఉత్తరాలకి బదులు మాటలు క్యాసెట్టులో పట్టించి, వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. అందరినీ పేరుపేరునా అడిగింది. బుజ్జికి జడ గట్టిగా లాగొద్దంది. చేతుల గురించి ఒక్క మాట లేదు. కానీ ఆమె గొంతు వెనకాల, మొదటి నుంచి చివరి దాకా, కొళాయి నీళ్ళు పడుతున్న చప్పుడుంది. అమ్మ ఆ చప్పుడు కోసమే మళ్ళీ మళ్ళీ వేయించుకునేది. తరవాత క్యాసెట్టు రాలేదు. ఫోను రాలేదు. పనిచేసే ఇంట్లోంచి వెళ్ళిపోయిందని ఏజెంటు చెప్పాడు, ఎక్కడికని అడిగితే వాడికీ తెలియదు. మేం తిరగని ఆఫీసు లేదు. అదే ఊళ్ళో పనిచేసి వచ్చిన ఒకావిడ ఆసుపత్రిలో చూశానంది, ఇంకొకావిడ కాదంది. మాకు శవమూ రాలేదు, మనిషీ రాలేదు. చెట్టు ఆ ఏడాది వర్షాలకి చిగుర్చింది, మాకు ఆశ పుట్టింది. మరుసటి వేసవికి పైనుంచి కిందికి ఎండిపోయింది. మోడు చాలా ఏళ్ళు నిలబడింది, తరవాత గట్టు బాగుచేసేటప్పుడు కొట్టేశారు. ఒకాయన సఖినేటిపల్లి నుంచి మంచి మద్దిపట్ట తెచ్చిస్తానంటే అమ్మ వద్దంది. నల్లకుండ బోర్లించేసింది. స్లాబు మాత్రం పడింది. సత్తిబాబు ఆ డాబాలో ఒక్క రాత్రి నిద్రపోయినట్టు నేను చూడలేదు. పెంకుటింటి అరుగు మీదే పడుకునేవాడు, అక్కడే పోయాడు.

గట్టు మీంచి నేను తిరిగొచ్చేసరికి బుజ్జి మొహానికి పట్టు వేసుకుని అరుగు మీద కూర్చుని ఉంది, సరిగ్గా వాళ్ళమ్మ కూర్చున్న చోట. ఇప్పుడు దానికీ ఒక కూతురుంది, రెండో తరగతి. కాకినాడలో నర్సు ఉద్యోగం. పొడి గురించి చెప్పడానికి రాలేదని నాకు అప్పుడు అర్థమయింది. గల్ఫులో ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందట, రెండేళ్ళకి రాసుకున్నారట. అమ్మలా కాదండీ, నాది చదువుకున్న ఉద్యోగం, చేతికి గ్లోవులుంటాయి, రోజూ ఫోనులో మొహాలు చూసుకోవచ్చు అంటూ వరసగా చెప్పింది. అన్నీ నిజమే. కాలం మారిందని నాకూ తెలుసు, పేపరు చదివేవాణ్ణి. దాని చేతుల వంక చూశాను. వాళ్ళమ్మ వేళ్ళే, పొడుగ్గా, చివర సన్నగా.

"వెళ్ళకమ్మా," అన్నాను.

పట్టు ఆరిపోయి దాని మొహం బిగుసుకుని ఉంది. పెదాలు కదిపితే పగుళ్ళు తేలాయి. "మా అమ్మతో ఎవరైనా అన్నారా పెదనాన్నా, ఈ మాట?" అంది.

మీ నాన్నతో అన్నానని చెప్పబోయాను. అది అడిగింది అది కాదు. చెట్టుకి చెప్పినవాళ్ళున్నారు, కుండకి చెప్పినవాళ్ళున్నారు, డొక్కనీళ్ళతో చెప్పినవాళ్ళున్నారు. "లేదమ్మా," అన్నాను. "ఆవిడతో ఎవరూ అనలేదు."

అది "ఆయ్" అనలేదు. లేచి పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలై, మొహం కడుక్కోడానికి కావలసిన దానికన్నా చాలా ఎక్కువసేపు వినిపించింది. నేను అరుగు స్తంభం పట్టుకుని వింటూ కూర్చున్నాను. ఆ చప్పుడు మధ్యలోంచే గొంతు వచ్చింది.

"ఇంకోసారి అనండి పెదనాన్నా."

అన్నాను.